సొంత ప్రాజెక్టును నలుగురికీ చూపిస్తే పని ముందుకు సాగుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే తెలుగువాళ్లం కొందరం నెలకో ఆదివారం కలుసుకుని, తీరిక వేళల్లో రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు చూపించుకుంటాం. ఆ కూటానికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ప్రతిసారీ అవే సందేహాలు అడుగుతారు. జవాబు చెప్పే పని ఎక్కువగా నా మీదే పడుతోంది కాబట్టి వాటిని రాసిపెట్టాను. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ప్రశ్న వెతుక్కుని అక్కడినుంచే చదవండి. అభిప్రాయాలు నావి, కూటంలో అందరూ వీటితో ఏకీభవించరు.

## మొదలుపెట్టే దశ

రోజంతా ఆఫీసులో కోడ్ రాసి వచ్చాక ఇంట్లో మళ్లీ అదే పనా?

అక్కర్లేదనిపిస్తే మానేయండి. సొంత ప్రాజెక్టు లేని ప్రోగ్రామరు ఎవరికీ తీసిపోడు. వారాంతంలో క్రికెట్ ఆడుకునేవాళ్లూ, తెల్లవారుజామున నంది కొండలకు బండి మీద వెళ్లేవాళ్లూ మంచి కోడే రాస్తారు. తాము రాసింది ఎవరికి ఉపయోగపడుతోందో ఆఫీసులో ఎప్పుడూ కనిపించక వెలితిగా ఉందనేవాళ్ల కోసమే ఈ పేజీ.

పూర్తయ్యాక చూపిస్తే సరిపోదా? సగంలో ఉన్నదాన్ని బయటపెట్టడం దేనికి?

సొంత ప్రాజెక్టుల విషయంలో ‘పూర్తయ్యాక’ అనేది రాని తిథి. ఆఫీసులో గడువు పెట్టడానికి ఎవరో ఒకరుంటారు. ఇంట్లో యజమానీ మీరే, కూలీ మీరే. రెండు వారాలు ముట్టుకోకపోయినా అడిగే దిక్కుండదు. అందుకే చాలా ప్రాజెక్టులు ముప్పావు వంతు దగ్గర అటకెక్కుతాయి.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ ఉదాహరణ అందరికీ తెలిసిందే అయినా అందులోని తేదీలు గమనించదగ్గవి. 1991 ఆగస్టు 25న అతను మినిక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు ఒక సందేశం రాశాడు. సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, అది పెద్దదేమీ కాబోదనీ, మినిక్స్‌లో మీకు నచ్చినవీ నచ్చనివీ చెప్పమనీ దాని సారాంశం. అప్పటికి అతను రాస్తున్నదాని మీద బాష్, జీసీసీ అనే ప్రోగ్రాములు నడుస్తున్నాయి. 1.0 వెర్షన్ వచ్చింది 1994 మార్చిలో. అంటే ‘పూర్తయింది’ అని చెప్పుకోవడానికి రెండున్నరేళ్ల ముందే పదిమందికీ చూపించాడు. ఆ మధ్యకాలంలో బగ్గులు (లోపాలు) చెప్పినవాళ్లూ, ప్యాచీలు (కోడ్ సవరణలు) పంపినవాళ్లూ లేకపోతే ఆ విద్యార్థి సరదా ఎంతకాలం నిలిచేదో ఎవరు చెప్పగలరు?

ఫలానాది చేస్తున్నానని ముందే అందరికీ చెప్పేస్తే మాట నిలబెట్టుకోవడానికైనా చేస్తాను కదా?

వినడానికి బాగుంటుంది కానీ చాలామంది విషయంలో దీని ఫలితం తిరగబడుతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇదే: తాము ఎలాంటివాళ్లం కావాలనుకుంటున్నామో దానికి సంబంధించిన సంకల్పాన్ని ఇతరులు గుర్తించినప్పుడు, ఆ పని మీద పెట్టే శ్రమ తగ్గింది. చెప్పిన క్షణంలోనే ఆ మనిషి అయిపోయినట్టు కొంత తృప్తి దొరుకుతుందని వాళ్ల వివరణ.

ఇది సంకల్పాల సంగతి. చేసిన పనిని చూపించడం వేరు. మా కూటంలో పాటించే నియమం ఒక్కటే: నడుస్తున్నదాన్ని చూపించాలి, చేయబోయేదాని గురించి మాట్లాడకూడదు. తెరమీద ఒక్క బటన్ పనిచేసినా చాలు. పది స్లయిడ్ల ప్రణాళికతో వచ్చినవాళ్లకు మేం టీ ఇచ్చి, వచ్చే నెల రమ్మంటాం.

ఎలాంటి ప్రాజెక్టు ఎంచుకుంటే ఊపు తగ్గకుండా ఉంటుంది?

మొదట వాడబోయే మనిషి ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్న ప్రాజెక్టు. ‘చిన్న వ్యాపారులందరికీ’ అని మొదలుపెడితే చూపించడానికి ఒక్కరూ దొరకరు. ‘మా వీధి చివర కిరాణా కొట్టు ఆయనకు’ అనుకుంటే రేపు సాయంత్రమే చూపించవచ్చు.

ఈ ఊళ్లో ఇతివృత్తాలకు కొరత లేదు. అపార్ట్‌మెంట్‌కు ఏ రోజు ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వచ్చాయో రాసుకునే పేజీ, గదిలో ఉండే నలుగురు కరెంటు బిల్లూ గ్యాస్ ఖర్చూ పంచుకునే లెక్క, సంక్రాంతికి బస్సు టికెట్లు తెరుచుకునే రోజు గుర్తుచేసే బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ప్రోగ్రాము). మా కూటంలో అందరికీ నచ్చినదొకటి ఉంది: కన్నడ బోర్డులోని అక్షరాలను తెలుగు లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాము. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో భారతీయ లిపులను, 1988 నాటి ఇస్కీ అనే భారతీయ ప్రమాణం వరుసలో అమర్చారు. అందువల్ల కన్నడ అక్షరం సంఖ్యలోంచి 128 తీసేస్తే దాదాపు ప్రతిసారీ దానికి సమానమైన తెలుగు అక్షరం వస్తుంది. మినహాయింపులు కొద్దిగా ఉన్నా అసలు కోడ్ పది పంక్తులు దాటదు. ఆ రోజు సాయంత్రమే బస్‌స్టాపులో నిలబడి పక్కవాళ్లకు చూపించవచ్చు.

ఆలోచన చిన్నదని సంకోచించకండి. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రోగ్రాము ఇవాళ ఫోన్ల నుంచి కార్ల వరకూ అన్నిచోట్లా ఉంది. దాన్ని రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ ఆ దారిలోకి రావడానికి కారణం, చాట్ గదిలోని మిత్రులకు కరెన్సీ మారకపు ధరలు చెప్పే బాట్ కోసం వాటిని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాల్సి రావడం. కర్ల్ అనే పేరుతో అది వెలువడింది 1998లో.

నా ఆలోచన ఎవరైనా కొట్టేస్తే?

కొట్టేసినవాడికి కూడా వారాంతాలే ఉంటాయి. వాడి ప్రాజెక్టు కూడా ముప్పావు వంతు దగ్గర ఆగుతుంది.

నేను పనిచేసే కంపెనీ దీనికి ఒప్పుకుంటుందా?

ఈ ఒక్క విషయంలో ధైర్యం కంటే కాగితం ముఖ్యం. మన కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. అదే చట్టంలోని సెక్షన్ 17(సి) ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా సృష్టించిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని సంస్థే. మీ తీరిక వేళల పని ‘విధుల్లో భాగం’ కాదనేది సాధారణంగా మీ వాదన అవుతుంది. అయితే నియామకపత్రంలో అంతకంటే విస్తారంగా, ఉద్యోగ కాలంలో మీరు చేసే ప్రతి ఆవిష్కరణా తమదేనని రాసుకునే కంపెనీలున్నాయి. సంతకం పెట్టిన రోజు ఆ పేజీ ఎవరూ చదవరు. ఇప్పుడు చదవండి.

ఆచరణలో మూడు జాగ్రత్తలు. కంపెనీ ల్యాప్‌టాప్ మీద ఒక్క పంక్తి కూడా రాయవద్దు. కంపెనీ వ్యాపారానికి దగ్గరగా ఉండే అంశం ఎంచుకోవద్దు. ఒప్పందంలో అనుమానం కలిగించే వాక్యం ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిలు రాసి, జవాబు కూడా మెయిల్లోనే తీసుకోండి. ‘ఏం పరవాలేదులే’ అని క్యాంటీన్‌లో మేనేజరు అన్న మాట, ఆయన వేరే కంపెనీకి మారిన రోజున ఎందుకూ కొరగాదు. ప్రాజెక్టుతో డబ్బు వస్తుంటే అది రెండో ఉద్యోగం ప్రశ్న కిందికి వెళ్తుంది. అప్పుడు న్యాయవాదిని అడగడం నయం.

## మొదటిసారి చూపించే ముందు

ఎంతవరకు పూర్తయితే చూపించవచ్చు?

మొదలు నుంచి చివరి వరకు ఒక్క దారి నడిస్తే చాలు. ట్యాంకర్ల పేజీయే తీసుకుంటే, ట్యాంకరు వచ్చిందని నమోదు చేయాలి, అది జాబితాలో కనిపించాలి. లాగిన్ లేకపోయినా, రంగులు బాగాలేకపోయినా, నెలవారీ మొత్తాలు రాకపోయినా నష్టం లేదు. దీనికి విరుద్ధంగా లాగిన్ పేజీ ఒక్కటే అద్దంలా మెరిసేలా చేసి తీసుకొచ్చేవాళ్లున్నారు. చూసేవాళ్లకు అందులో మాట్లాడటానికి ఏమీ దొరకదు.

నా కోడ్ చూసి నవ్వుతారేమో. శుభ్రం చేశాక పెడతాను.

మీ కోడ్ తెరిచి చూసేంత తీరిక ఎవరికీ లేదు. చూసేవాళ్లు ముందు అది ఏం చేస్తుందో చూస్తారు, నచ్చితే వాడతారు. ఎక్కడో ఒకరు మాత్రమే లోపలికి తొంగిచూస్తారు. ఆ ఒకరు సాధారణంగా మీకు సాయపడేవాళ్లే.

అయితే ఒక్క శుభ్రత మాత్రం తప్పనిసరి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (వేరే సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు), డేటాబేసు చిరునామాలు కోడ్‌లో ఉండకూడదు. పొరపాటున కమిట్ చేసి (మార్పును చరిత్రలో నమోదు చేసి), తరువాతి కమిట్‌లో తీసేస్తే పోయిందనుకుంటారు, పోదు. కోడ్ మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది, అందరికీ కనిపించే రెపోలను (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లను) గాలించి కీలు ఏరుకునే ప్రోగ్రాములు నిరంతరం తిరుగుతుంటాయి. బయటపడిన కీని ముందు రద్దు చేసి కొత్తది తీసుకోండి, చరిత్ర సవరించడం ఆ తరువాత చూసుకోవచ్చు.

కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టాను. ఇంకా లైసెన్స్ కూడా కావాలా?

కావాలి. లైసెన్స్ లేని కోడ్ అందరికీ కనిపిస్తుంది కానీ దాన్ని తమ పనిలో వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు. జాగ్రత్తపరులైనవాళ్లు ముట్టుకోరు. ఎవరు ఎలా వాడుకున్నా అభ్యంతరం లేకపోతే ఎంఐటీ లైసెన్స్ పెట్టండి. మార్పులు చేసి పంచేవాళ్లు ఆ మార్పులను కూడా అదే షరతులతో ఇవ్వాలనుకుంటే జీపీఎల్. అయిదు నిమిషాల్లో తేల్చండి. ఈ ఎంపిక మీద నెలరోజులు చదివి, ప్రాజెక్టు మీద ఒక్క పంక్తీ రాయనివాళ్లను చూశాను.

ఎవరికి చూపించాలి? ఇంట్లోవాళ్లకా, ఆఫీసు మిత్రులకా, ముక్కూమొహం తెలియనివాళ్లకా?

ముగ్గురూ పనికొస్తారు, ఒక్కొక్కరు ఒక్కో పనికి.

ఇంట్లోవాళ్ల మాటలు నమ్మకండి, చేతులు గమనించండి. అమ్మకు పంపితే ‘చాలా బాగుంది నాన్నా’ అంటుంది. దాన్ని బట్టి ఏమీ తెలియదు. అదే ఆమె చేతికి ఫోనిచ్చి పక్కన కూర్చుంటే, ఏ బటన్ దగ్గర ఆమె వేలు గాల్లో ఆగిపోతోందో కనిపిస్తుంది. అంత నిజాయతీ గల పరీక్ష ఆఫీసులో లక్షలు పోసినా జరగదు.

ఆఫీసు మిత్రులు ప్రాజెక్టు ఏం చేస్తుందో అడగడానికి ముందే ‘పది లక్షల మంది వస్తే ఇది తట్టుకుంటుందా?’ అని అడుగుతారు. వాళ్లకు అలవాటైన ప్రశ్న అది. మీకు ఉన్నది ముగ్గురు వాడుకరులు కాబట్టి నవ్వి ఊరుకోండి. ఏదైనా బగ్గు దగ్గర నిజంగా చిక్కుకున్నప్పుడు మాత్రం వాళ్లను మించినవాళ్లు లేరు.

ముక్కూమొహం తెలియనివాళ్లకు మీ మీద మొహమాటం ఉండదు. బెంగళూరులో వాళ్లను వెతుక్కోవడం తేలిక. పైథాన్ భాషలో రాసేవాళ్లకు బ్యాంగ్‌పైపర్స్ అనే బృందం ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగేది) ఇష్టమైతే ఫాస్ యునైటెడ్ అనే సంస్థ సమావేశాలున్నాయి, వాళ్ల వార్షిక సదస్సు ఇండియాఫాస్ ఈ ఊళ్లో జరుగుతోంది. పైథాన్ వాళ్ల సదస్సు పైకాన్ ఇండియా మొదటిసారి 2009లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రాంగణంలోనే జరిగింది. ఇలాంటి చోట్ల పెద్ద ప్రసంగానికి దరఖాస్తు పెట్టాల్సిన పనిలేదు. టీ విరామంలో పక్కవాళ్లకు ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తే సరిపోతుంది. అందరూ అందుకే వస్తారు.

ఒకే ఒక్కరిని ఎంచుకోవాలంటే, మీ ప్రాజెక్టుతో తీరే ఇబ్బంది నిజంగా ఉన్న మనిషిని ఎంచుకోండి. ఆ మనిషికి ప్రోగ్రామింగ్ రాకపోతే మరీ మంచిది.

ఇంగ్లిష్‌లో నలుగురి ముందు మాట్లాడాలంటే బెరుకు. ఏం చేయను?

తెలుగులో మాట్లాడండి. ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ప్రతి గదిలో సగం మంది ఉంటారని అతిశయోక్తిగా అంటుంటాం, అది మరీ అబద్ధమేమీ కాదు. మిగతావాళ్లకు తెరమీద నడుస్తున్నది కనిపిస్తూనే ఉంటుంది. రీడ్‌మీ (ప్రాజెక్టును పరిచయం చేసే పేజీ) మాత్రం ఇంగ్లిష్‌లోనూ నాలుగు ముక్కలు రాసిపెట్టండి. వ్యాకరణం సరిచేసి పంపేవాళ్లు కూడా దొరుకుతారు. కొందరికి అదే మొదటి సాయం.

నా ప్రాజెక్టు తెలుగు భాషకు సంబంధించినది. బెంగళూరులో ఎవరు పట్టించుకుంటారు?

ప్రోగ్రామర్లు పట్టించుకుంటారు, ఎందుకంటే తెలుగు లిపి వాళ్ల ఊహలను తలకిందులు చేస్తుంది. ‘తెలుగు’ అనే మాట పొడవు ఎంత అని జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను అడిగితే 6 అంటుంది. మన కంటికి ఉన్నవి మూడక్షరాలే. గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. ఈ ఒక్క విషయం చూపించి ‘మరి పదబంధ ప్రహేళిక గళ్లు ఎలా నింపాలి?’ అని అడగండి, గదిలో చర్చ ఆగదు.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు అక్షర సముదాయం ఐఫోన్‌కు చేరితే మెసేజీల యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. అంత పెద్ద సంస్థకే కొరుకుడు పడని లిపి మీద పనిచేస్తున్నారు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

## చూపిస్తున్నప్పుడు

డెమోకు ఎంతసేపు తీసుకోవాలి?

అయిదు నిమిషాలు. మొదటి నిమిషంలోనే ప్రోగ్రాము నడుస్తూ కనిపించాలి. ఏ ఫ్రేమ్‌వర్క్ (కోడ్‌కు ఆధారంగా వాడే తయారు చట్రం) ఎందుకు ఎంచుకున్నారో అడిగితేనే చెప్పండి. నెట్ ఆ సమయానికే ఆగిపోతుంది కాబట్టి తెరను ముందే రికార్డు చేసిన చిన్న వీడియో ఫోన్‌లో పెట్టుకోండి.

అందరూ ‘బాగుంది’ అని ఊరుకుంటున్నారు. పనికొచ్చే మాట ఎలా రాబట్టాలి?

‘ఎలా ఉంది?’ అని అడిగితే వచ్చే జవాబు ‘బాగుంది’. మనవాళ్ల మర్యాద అది, తప్పు పట్టలేం. ప్రశ్న మార్చాలి.

వాళ్ల చేతికిచ్చి ఒక పని చెప్పండి: ‘నిన్న రెండు ట్యాంకర్లు వచ్చాయి, దీంట్లో ఎక్కించండి’. ఆ తరువాత నోరు మూసుకోండి. ఇదే అన్నింటికన్నా కష్టమైన భాగం. వాళ్లు తప్పు బటన్ నొక్కుతుంటే ‘అది కాదు, పైన ఉంది చూడండి’ అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అనకండి. మీరు పక్కన లేనప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. తేదీ ఎక్కడ మార్చాలో తెలియక వాళ్లు వెనక్కి వెళ్లిపోయారంటే, ఆ వారం మీరు చేయాల్సిన పని మీకు దొరికినట్టే.

పని ముగిశాక రెండు ప్రశ్నలు అడగండి. ‘ఇప్పుడు ఈ లెక్క ఎక్కడ రాసుకుంటున్నారు?’ ‘అక్కడ రాసుకోవడం కంటే ఇది ఎక్కడ ఇబ్బంది పెట్టింది?’ మా కూటంలో ఒకరి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దీనికి ఇచ్చిన జవాబు నేను తరచూ చెబుతుంటాను: గోడమీద చాక్‌పీసుతో గీత గీస్తే ఎవరైనా చూడవచ్చు, ఫోన్‌లో అయితే ఎవరూ చూడరు. ఆ మాట తరువాత ప్రాజెక్టు రూపమే మారింది. నెలాఖరున గేటు దగ్గర అంటించడానికి ఒక కాగితం అచ్చు తీసే ఏర్పాటు దానికి వచ్చి చేరింది. ఇలాంటి మాట ఒక్కటి వింటే మరో రెండు నెలలు కూర్చుని రాయాలనిపిస్తుంది. ‘సూపర్’ అనే పది మెసేజీలకు ఆ శక్తి లేదు.

ఒకాయన అందరిముందూ ఘాటుగా విమర్శించాడు. మళ్లీ చూపించాలనిపించడం లేదు.

ఆయన చెప్పినదాంట్లో మీ ప్రోగ్రాము గురించి ఎంత ఉంది, ఆయన గురించి ఎంత ఉందో విడదీయండి. ‘ఈ పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది’ అనేది ప్రోగ్రాము గురించి, రాసుకోండి. ‘ఈ భాషలో ఎవరైనా రాస్తారా?’ అనేది ఆయన గురించి, వదిలేయండి. ఆ రోజే సమాధానం చెప్పాలని కూర్చోవద్దు. మొదటి సంగతిని సరిచేసి వచ్చేసారి ఆయనకే చూపించండి. ఘాటుగా మాట్లాడేవాళ్లలో కొందరు, తమ మాట విన్నారని తెలిస్తే, అందరికంటే గట్టి మద్దతుదారులవుతారు. అందరూ కాదు.

ఎన్నాళ్లకోసారి చూపించాలి?

నెలకోసారి, తేదీ ముందే ఖాయం చేసుకుని. వారానికోసారి పెట్టుకుంటే చూపించడానికి ఏమీ ఉండక మొహం చాటేస్తారు. ‘ఏదైనా తయారైనప్పుడు’ అనుకుంటే అది తయారు కాదు. తేదీ మీది కాకుండా కూటానిది అయితే పని జరుగుతుంది. మేం కలిసే ఆదివారానికి ముందు శనివారం రాత్రి ఎన్ని కమిట్లు పడతాయో చూస్తే నవ్వొస్తుంది.

## ఊపు తగ్గినప్పుడు

లింకు పంపాను. ఒక్కరూ స్పందించలేదు.

వంద మంది ఉన్న గ్రూపులో పంపారా? అక్కడ ప్రతి ఒక్కరూ మిగతా 99 మంది చూస్తారులే అనుకుంటారు. అదే లింకును ఒక్కరికి, పేరు పెట్టి, ఫలానా కారణంతో మీకే పంపుతున్నానని రాసి పంపండి. ‘మీరు పోయిన వారం నీళ్ల లెక్కలతో తలపట్టుకున్నారు కదా అక్కా, ఇది ఒకసారి చూస్తారా?’ దీనికి జవాబు రాకుండా ఉండటం అరుదు.

లింకుతోపాటు ఒక స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. మెట్రోలో నిలబడి ఫోన్ చూసే మనిషి తెలియని లింకు నొక్కడు.

స్టార్లు, లైకులు రావడం లేదు. రోజూ కమిట్ చేసి గిట్‌హబ్ క్యాలెండర్‌లో ఆకుపచ్చ గళ్లు నింపితే ఉత్సాహం వస్తుందా?

కొద్దిరోజులు వస్తుంది. ఆ తరువాత గడి నింపడం కోసం రీడ్‌మీలో కామా పెట్టి కమిట్ చేయడం మొదలవుతుంది. గిట్‌హబ్ ఒకప్పుడు ప్రొఫైల్ మీద వరుసగా ఎన్ని రోజులు కమిట్ చేశారో లెక్క చూపించేది. 2016లో ఆ లెక్క తీసేసింది. జ్వరం వచ్చి ఒక్కరోజు తప్పితే మొత్తం పోయిందని ప్రాజెక్టునే వదిలేసేవాళ్లకు అది మేలే చేసింది. అంకె కావాలంటే, ఈ నెలలో ఎవరైనా అడగకుండా తమంతట తామే దాన్ని మళ్లీ తెరిచారా అన్నది లెక్కపెట్టండి. ఒక్కరైనా సంతోషించదగ్గ అంకె అది.

ఈ ప్రాజెక్టు విసుగొచ్చింది. ఇంకో కొత్తది మొదలుపెట్టాలనిపిస్తోంది.

విసుగు ఎక్కడిదో చూడండి. సమస్య అర్థమైపోయి మిగిలింది మోతపని మాత్రమే అయితే, ఆ మోతపనిలో ఎవరికో కావలసిన ముక్క ఒక్కటి చేసి, చూపించి, ఆపండి. ఎవరికీ ఏ ముక్కా అక్కర్లేదని తేలితే నిశ్చింతగా కొత్తదానికి వెళ్లండి. ఆరంభశూరత్వం అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. నేర్చుకోవడం కోసం మొదలుపెట్టినవి నేర్చుకోగానే ముగుస్తాయి.

ఆఫీసు, ట్రాఫిక్ పోను సమయమే మిగలడం లేదు.

అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కూర్చుని కోడ్ రాయమని నేను చెప్పను, కళ్లు తిరుగుతాయి. నెలకు రెండు ఉదయాలు చాలు. మధ్యలో ఖాళీ వచ్చినప్పుడు ఎక్కడ ఆపారో గుర్తురాక అరగంట పోతుంది కాబట్టి, లేచే ముందు తరువాత చేయాల్సింది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి.

ఏఐకి చెబితే సాయంత్రానికల్లా యాప్ తయారవుతోంది. ఇక నేను చూపించడానికి ఏముంటుంది?

కోడ్ టైపు చేయడం చవకైంది. గోడమీది చాక్‌పీసు గీత ఎందుకు మెరుగో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోవడం ఏమీ చవక కాలేదు. ఆ భాగం మీదే.

మా కూటంలో ఏఐతో రాసినవి చాలానే వస్తున్నాయి, ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ భాగం దానితో రాయించారో ముందే చెబితే మంచిది. ఒక్క తేడా మాత్రం చూస్తున్నాను. పక్కవాళ్లు ‘ఇది ఎలా పనిచేస్తోంది?’ అని అడిగితే చెప్పలేని భాగం ఎక్కువయ్యేకొద్దీ, రాసినవాళ్లకు దానిమీద మమకారం తగ్గిపోతోంది. రెండో నెలకు వాళ్లు ఆ ప్రాజెక్టు ఊసెత్తరు. కాబట్టి చూపించబోయే ముందు కనీసం ముఖ్యమైన ఫైలు ఒక్కటి పంక్తి పంక్తీ చదివి రండి.

## జనం వాడటం మొదలయ్యాక

ఆండ్రాయిడ్ యాప్‌ను ప్లేస్టోర్‌లో పెట్టాలంటే?

ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. అసలు అడ్డంకి అది కాదు. 2023 నవంబరు తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు పరిమిత పరీక్ష తప్పనిసరి చేశారు. మొదట 20 మంది కావాలన్నారు, 2024 డిసెంబరులో దాన్ని 12కు తగ్గించారు. వాళ్లు వరుసగా 14 రోజులు పరీక్షలో కొనసాగాలి. ఒంటరిగా గదిలో కూర్చుని రాసినవాళ్లకు ఆ 12 మంది దొరకడం గగనం. మొదటి నుంచీ చూపిస్తూ వచ్చినవాళ్లకు ఒక సాయంత్రం ఫోన్ల పని.

వాడేవాళ్ల ఫోన్ నంబర్లు, పేర్లు దాచవచ్చా?

అవసరం లేకపోతే అడగనే వద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, మీ దగ్గర లేని నంబరు మీ దగ్గర నుంచి లీకు కాదు.

కొత్త ఫీచర్లు అడుగుతూ ప్రాణం తీస్తున్నారు. ఉత్సాహం కోసం మొదలుపెట్టింది ఇప్పుడు రెండో ఉద్యోగంలా ఉంది.

ఉచితంగా ఇచ్చినదానికి గడువులు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ‘ఆలోచన బాగుంది, ఇప్పట్లో చేయలేను’ అని ఒక్కసారి రాయండి. మళ్లీ అడిగితే మళ్లీ జవాబివ్వాల్సిన పనిలేదు.

ఇది చిన్న విషయం కాదని ఎక్స్‌జెడ్ ఉదంతం చెబుతుంది. లినక్స్ యంత్రాల్లో ఫైళ్లను కుదించడానికి విస్తృతంగా వాడే ఆ సాఫ్ట్‌వేర్‌ను లాసె కొలిన్ ఏళ్లతరబడి దాదాపు ఒంటరిగా నడిపించాడు. ఆలస్యమవుతోందని, బాధ్యత వేరేవాళ్లకు అప్పగించమని 2022లో కొందరు అతని మీద ఒత్తిడి పెంచారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని కూడా అతను చెప్పుకున్నాడు. సాయం చేస్తానంటూ ముందుకొచ్చిన, ‘జియా టాన్’ అనే పేరు పెట్టుకున్న వ్యక్తికి క్రమంగా అధికారాలు దక్కాయి. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటుగా చొరబడటానికి రహస్య ద్వారం పెట్టింది ఆ పేరుతోనే. తన యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెతుకుతూ పోయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దాన్ని బయటపెట్టాడు.

మీ ట్యాంకర్ల పేజీకి అంత గండం రాదు. అయినా అలసటలో ఉన్నప్పుడు, అడిగిన మొదటి మనిషికి తాళాలు ఇచ్చేయకండి. ఇంతకుముందు చిన్న చిన్న మార్పులు పంపినవాళ్లకు, మీరు ముఖాముఖి కలిసినవాళ్లకు ఇవ్వండి.

దీనికి ఎవరైనా డబ్బిస్తారా?

సాధారణంగా ఇవ్వరు. చాలామంది ఆధారపడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయితే దారులున్నాయి. బెంగళూరుకు చెందిన షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024లో ఫ్లాస్ ఫండ్ అనే నిధి ప్రారంభించి, ఏటా 10 లక్షల డాలర్లు అలాంటి ప్రాజెక్టులకు ఇస్తామని ప్రకటించింది. దానిమీద కన్నేసి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం మాత్రం వద్దు.

ఇక కొనసాగించలేను. వాడేవాళ్లు కొందరున్నారు. ఎలా ఆపాలి?

చెప్పి ఆపండి. రీడ్‌మీ మొదటి పంక్తిలో ‘ఫలానా నెల నుంచి దీన్ని చూసుకోవడం లేదు’ అని రాసి, గిట్‌హబ్‌లో రెపోను ఆర్కైవ్ చేయండి (చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చండి). కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, కొత్త ఫిర్యాదులు రావు. సర్వర్ మీద నడిచేదైతే వాడేవాళ్లకు కనీసం నెల గడువివ్వండి. తమ సమాచారాన్ని ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా దించుకునే బటన్ ఒకటి పెట్టి, అది పనిచేస్తోందో లేదో మీరే ఒకసారి నొక్కి చూడండి. ముఖం తెలిసిన వాడుకరులకు ఫోన్ చేసి చెప్పండి. ‘మరి మా లెక్కలెలా?’ అని వాళ్లు అడుగుతారు. ఆ ఫైలు ఎలా తెరవాలో చూపించి రండి. సర్వర్‌ను ఆ తరువాతే ఆపండి.